లోతు తెలిసినవాళ్లు

వియత్నాం యుద్ధం మాటెత్తగానే ‘పాపం, అంత పీకల్లోతు ఊబి అని అప్పుడెవరికి తెలుసు?’ అని జాలిపడేవాళ్లుంటారు. వింటే ఒళ్లు మండే మాట అది. తెలుసు. తెలిసినవాళ్లు చెప్పారు కూడా. తేదీ వేసిన కాగితమే ఉంది.

అమెరికా విదేశాంగ మంత్రి తర్వాతి స్థానంలో ఉన్న జార్జ్ బాల్ 1965 జులై 1న అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు ఒక నోట్ రాశాడు. పెద్ద ఎత్తున సైన్యాన్ని దింపి, మనవాళ్ల ప్రాణాలు పోవడం మొదలైతే ఇక వెనక్కి రావడం మన చేతుల్లో ఉండదన్నది దాని సారం. జాన్సన్ అతని వాదన విన్నాడు. నెల తిరక్కుండానే సైనికుల సంఖ్యను 1,25,000కు పెంచుతున్నట్టు ప్రకటించాడు. 1969 నాటికి అది 5,40,000 దాటింది. బాల్ భయపడినట్టే, పోయిన ప్రాణాలే మరికొందరిని పంపడానికి సాకయ్యాయి.

ఇదంతా గాయకుడు పీట్ సీగర్ ఒక్క పాటలో పెట్టాడు: ‘వెయిస్ట్ డీప్ ఇన్ ద బిగ్ మడ్డీ’. 1942లో లూసియానాలో శిక్షణలో ఉన్న పటాలం. రాత్రివేళ నదిలోకి నడవమంటాడు కెప్టెన్. నీళ్లు మోకాళ్లు దాటి, నడుము దాటి, మెడదాకా వస్తాయి. సార్జెంటు వద్దంటున్నా వినడు. కెప్టెన్ మునిగిపోతాడు, సార్జెంటు మిగిలినవాళ్లను వెనక్కి తిప్పి బతికిస్తాడు. ఎంత గొప్ప పాట! జాన్సన్ పేరు లేదు, వియత్నాం పేరూ లేదు. అయినా 1967 సెప్టెంబరులో స్మదర్స్ బ్రదర్స్ కార్యక్రమంలో సీగర్ పాడితే, సీబీఎస్ టీవీ ఆ పాటను కోసేసింది. ఆ కార్యక్రమం నడిపే అన్నదమ్ములిద్దరూ పట్టు వదల్లేదు. 1968 ఫిబ్రవరిలో సీగర్ మళ్లీ వచ్చి పాడాడు, దేశమంతా విన్నది.

జాన్సన్‌నైనా క్షమించవచ్చేమో గానీ, రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారాను క్షమించడం కష్టం. లెక్కల్లో ఉద్దండుడు. సైనికంగా గెలుపు అనుమానమేనని 1965 చివరికే అతనికి తెలుసు, అధ్యక్షుడితో అన్నాడు కూడా. అన్నది నాలుగు గోడల మధ్య. జనానికి చెప్పలేదు. పదవి దిగి ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడై, 13 ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడూ చెప్పలేదు. తప్పు చేశామని రాసిన పుస్తకం 1995లో వచ్చింది, సైగాన్ పతనమై యుద్ధం ముగిసిన 20 ఏళ్లకు! ఆ పుస్తకాన్ని నిజాయితీ అని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. సార్జెంటు ఒడ్డు చేరాక గొంతు విప్పితే ఎవరికి లాభం?

వియత్నాంలో పోయినవాళ్ల లెక్క లక్షల్లో ఉంది. అమెరికా సైనికులు 58,000కు పైనే. వాళ్లలో సగానికి మించి, మెక్‌నమారా 1968 ఫిబ్రవరి 29న పదవి దిగిన తర్వాత చనిపోయినవాళ్లే.