ముగ్గు నిలుచు చోటు

కుట్టు, అల్లిక, ముగ్గులు మొదలగు వేడుకవిద్యలకై స్త్రీలు గూడుకొనుచోట, వెబ్‌సైటు నిర్మించుటను నేర్పు గంటసేపటి పాఠమును గూడ నుండవలెనని నా కోరిక. మా పినపాకలో నీమాట యెత్తగా, “అది ఉద్యోగస్థుల విద్య గదా!” యనిరి కొందరు.

వెబ్‌సైటునకు వలసినవి మూడు: పేరు, చోటు, విషయము. మొదటి రెండును ఏటేట రుసుము చెల్లించిన లభించును. ఉచితముగ నొసగు తావులును గలవు. మూడవది మనయొద్దనే యున్నది. భాషయు నడ్డు గాదు. 1991లో యూనికోడు పట్టికయందు తెలుగక్షరములకు స్థానము గలిగెను. 2003లో నారంభమైన తెలుగు వికీపీడియాలో నెవరైనను వ్రాయవచ్చును.

అయినను పాఠమునకు ముందు ఎందరు వత్తురో తెలియవలెను. “వెబ్‌సైటు నేర్చుకొందురా?” యనిన మొగమాటమునకు తలయూపువారే మెండు. “ఉదయమున బెట్టిన ముగ్గు సాయంకాలమునకు చెరిగిపోవుచున్నదే, మనుమరాండ్రకై దానిని నిలుపుకొందురా?” యని యడుగుడు. ఎవరు దేనిని నిలుపగోరుదురో పేరుపేరున వ్రాసికొనుడు. నిలుపవలసినది గలామె తప్పక వచ్చును. వచ్చునపుడు తన ఫోనును, ఒక చిత్రమును, పది పంక్తుల వ్రాతను దెచ్చుకొనిన చాలును. ఇంటి చిరునామాను, పిల్లల ఛాయాచిత్రములను మాత్రము అందుంచరాదు.

మా యత్తగారి మెలికల ముగ్గులు ఆమెతోనే పోయినవి. మీ యిండ్లలోనివైన నిలుచుగాక!