దుమ్ము లేపే మిషన్, దుమ్ము పట్టే మిషన్

మా చిన్న తమ్ముడు ఆరేళ్లు దుబాయ్‌లో ఏం పని చేశాడో మా ఖాందాన్‌లో చాలామందికి ఇప్పటికీ సరిగ్గా తెలీదు. ఎవరైనా అడిగితే అమ్మీ "ఏసీల కంపెనీల నౌకరీ" అని ఒక్క మాటలో తేల్చేసేది. అది ఝూఠ్ కాదు, పూరా సచ్ కూడా కాదు. వాడు ఏసీలు బిగించలేదు, రిపేరూ చేయలేదు. ఏసీ గాలి పోయే రేకు గొట్టాల్లో చేరిన ధూళ్‌ని సఫాయి చేశాడు. డక్ట్ క్లీనింగ్ అంటారు దాన్ని.

డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని గనక డక్ట్‌ని వాయునాళం అని రాయొచ్చు. కానీ ఆ మాట వింటే డాక్టర్ సాబ్ గొంతులో టార్చి వేసి చూస్తున్నట్టు ఉంటుంది. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివినా ఆ జబాన్‌లోనూ దీనికో మాట నాకు దొరకలేదు. అందుకని డక్ట్ అనే రాస్తాను, మాఫ్ చేయండి.

మన ఇళ్లలో ఏసీ అంటే గోడకు తగిలించే తెల్ల డబ్బా. అక్కడి విల్లాల్లో, ఫ్లాట్లలో అది కంటికి కనపడదు. బాత్రూమ్ నెత్తినో, వరండా సీలింగ్ పైనో ఒక పెద్ద పెట్టె ఉంటుంది. అందులో ఫ్యాన్, చల్లటి కాయిల్, కాయిల్ కింద నీళ్లు జారే ట్రే. అక్కడి నుంచి రేకు డక్ట్ బయలుదేరి గదిగదికీ చీలుతుంది. చివర కొన్ని అడుగులు మెత్తటి ఫ్లెక్సిబుల్ గొట్టం, దాని మూతికి జాలీ. గదిలో తిరిగిన గాలి ఇంకో జాలీ గుండా వాపస్ పెట్టెలోకి పోతుంది. ఇసుక ఎగిరే ముల్క్, ఏడాదిలో ఎక్కువ నెలలు తలుపులు మూసుకుని ఏసీలో బతికే ఇళ్లు. అక్కడ ఈ పని చేసేవాళ్లకు రోజీకి తక్లీఫ్ లేదు.

పోయినేడు వాడు ఖరూజ్ కొట్టించుకుని వచ్చేశాడు. వచ్చిన నెలకే నా దగ్గర కూర్చుని, "ఆపా, ఒక రెండు లక్షలు సర్దుతవా" అన్నాడు.

రెండు లక్షలంటే నా చిట్టీ పైసలు. బేటీ ఇంజనీరింగ్ ఫీజు కోసం నాలుగేళ్లుగా కట్టి ఎత్తినవి. ఆ సంగతి వాడికీ తెలుసు, అందుకే నా కళ్లల్లోకి చూడకుండా చాయ్ కప్పులోకి చూస్తూ అడిగాడు. రాణిగంజ్‌లో ఒక డీలర్ దగ్గర మిషన్ చూశాడట. తిరిగే బ్రష్, వ్యాక్యూమ్, లోపల చూసే కెమెరా, మందు పొగ కొట్టే ఫాగింగ్ మిషన్, అన్నీ కలిపి ఒక సెట్. నార్సింగి, కోకాపేట వైపు కొత్త విల్లాల్లో అంతా డక్ట్ ఏసీలే, హైదరాబాద్‌లో ఈ పని తెలిసినవాళ్లు తక్కువ, ఏడాదిలో పైసలు వాపస్ అన్నాడు. ఊరుకోకుండా, "సాఫ్ హవా వస్తే దమా ఉన్నోళ్లకు ఎంత ఆరామో తెలుసా, మన అమ్మీనే చూడు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో డక్ట్ లేదు. ఒక స్ప్లిట్ ఏసీ, ఒక కూలర్, అంతే. అమ్మీ దమాకి ఆ మిషన్ ఏం చేస్తుంది? కానీ అమ్మీ పేరు ఎత్తాక ఊరికే నక్కో అనలేకపోయాను. ఇరవై ఏళ్లు అఖ్బార్‌లో పనిచేసిన ఆదత్, ఎవరైనా 'ఫాయిదా' అంటే 'సబూత్' అడగడం.

చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో ఇంటింటికీ డక్ట్‌లు ఉంటాయి కాబట్టి వాళ్లు దీని గురించి చాలా రాసుకున్నారు. అక్కడి సర్కారీ పర్యావరణ సంస్థ ఈపీఏ 1997లోనే ఇళ్లవాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం వేసింది. అందులోని మాట సూటిగా ఉంది. డక్ట్‌లు కడిగించడం వల్ల జబ్బులు రాకుండా ఆగినట్టు ఎక్కడా రుజువు కాలేదు. లోపలి దుమ్ములో చాలా భాగం రేకుకు అంటుకునే ఉంటుంది, అది గదిలోకి వచ్చి తీరుతుందని లేదు. ఇంట్లో వంట పొగ, సిగరెట్ పొగ, బయటి నుంచి వచ్చే దుమ్ము అంతకంటే ఎక్కువ నుక్సాన్ చేయొచ్చు. మరి ఎప్పుడు కడిగించాలి? లోపల బూజు కంటికి కనిపిస్తే, ఎలుకలో పురుగులో కాపురం పెడితే, జాలీల్లోంచి దుమ్ము రాలేంతగా డక్ట్ నిండిపోతే. ఇన్సులేషన్ తడిసి బూజు పడితే ఏ మిషనూ దాన్ని సాఫ్ చేయలేదు, తీసి పారేసి కొత్తది వేసుకోవాలి.

ఇది చదివి వినిపిస్తుంటే వాడు మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాలేదు. నాకు అదే అనుమానంగా అనిపించింది. మా వాడు మాటకు మాట అప్పజెప్పే రకం.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక డాబా మీద అసలు బాత్ బయటికొచ్చింది. వాడు చేసిన కంపెనీలో సూపర్‌వైజర్ ఫోన్‌లో ఒక ఫోటో ఉండేదట. నల్లగా, బూజు పట్టి, చూస్తేనే కడుపులో తిప్పే డక్ట్ ఫోటో. అది ఎవరి ఇంటిదో వీడికి తెలీదు. ఏ ఇంటికి పోయినా 'మీ డక్ట్ లోపల ఇట్ల ఉంది' అని అదే చూపించేవాళ్లు. పని అయ్యాక పూల వాసన వచ్చే మందు పొగ కొడితే ఇంటివాళ్లు ఖుష్. ఒకసారి ఒక పాకిస్తానీ ఖాతూన్, ఒళ్లో నెబ్యులైజర్ మాస్క్ పెట్టుకున్న మూడేళ్ల పిల్లాడు. "అబ్ ఠీక్ హో జాయేగా నా, భాయ్?" అని వీణ్ణి అడిగిందట. సూపర్‌వైజర్ చూస్తున్నాడు.

"ఇన్షా అల్లా అన్న, ఆపా" అన్నాడు తమ్ముడు. "కాదు అనలేక, అవును అనలేక ఆ మాట అన్న. పైసల కోసం ఆ మాట వాడుకున్న."

నేనేమీ అనలేదు. కాసేపటికి వాడే అన్నాడు, "కానీ మిషన్ పనిచేస్తది ఆపా. అబద్ధం చెప్పేది మనుషులు. దుమ్ము మాత్రం నిజంగ బయటికొస్తది."

సరే, అయితే చూద్దాం అన్నాను.

కాటేదాన్‌లో వాడి దోస్త్‌కి రేకు డక్ట్‌లు చేసే చిన్న కార్ఖానా ఉంది. ఒక ఆదివారం అక్కడ పన్నెండు అడుగుల డక్ట్‌కి ఒక వంపు పెట్టి, చివర ఆరడుగుల ఫ్లెక్సిబుల్ గొట్టం తగిలించాం. లోపల చల్లడానికి దుమ్ము నేను తెచ్చాను. అమ్మీ పాత పరుపు విప్పితే వచ్చిన దూది ధూళ్, జల్లెడ పట్టిన మట్టి, కొంచెం జిప్సమ్ పొడి. ప్రతిసారీ అర కిలో. నా వంటింటి తరాజు కూడా తీసుకుపోయాను, ఇప్పుడది గోధుమపిండి తూచడానికి పనికిరాదని ఇంట్లో ఇంకా సణుగుతున్నారు.

మొదట ఉత్త వ్యాక్యూమ్, పెద్ద సైజుది, పొడుగు పైపుతో. పైపు మూతి ముందు జానెడు దూరం శుభ్రంగా తుడిచింది, దాని అవతల దుమ్ము కదల్లేదు. వ్యాక్యూమ్ లాగుడు మూతి దాటితే ఇట్టే చచ్చిపోతుంది. వంపు అవతల చల్లిన దుమ్ము చల్లినట్టే ఉంది.

తర్వాత ఆన్‌లైన్‌లో దొరికే డ్రిల్లుకు తగిలించే బ్రష్. కడ్డీలు ఒకదానికొకటి మరలతో బిగించుకుంటూ లోపలికి తోయాలి. డ్రిల్లు పొరపాటున ఉల్టా తిప్పితే మర విడిపోతుంది. మేం తిప్పాం. బ్రష్ వంపులో ఉండిపోయింది, దాన్ని తీయడానికే గంట పట్టింది. ఇంట్లో ఎవరైనా ఇది కొందామనుకుంటే సీలింగ్ పైన ఇరుక్కుపోయిన బ్రష్‌ని ఒక్కసారి ఊహించుకోండి.

మూడోది డీలర్ డెమోకి పంపిన బ్రష్ మిషన్, మా రెండు లక్షల దుల్హన్. రేకు డక్ట్‌లో అది బాగా తిరిగింది. తర్వాత టార్చి వేస్తే రేకు మెరిసింది. తమ్ముడు నా మొహం చూశాడు. కానీ మిషన్ సంచిలో తూచితే అర కిలోకి మూడు వందల గ్రాములు దాటలేదు. మిగతాది ఎక్కడ? కొంత ఫ్లెక్సిబుల్ గొట్టం మడతల్లో, కొంత గాల్లో, కొంత మా ముక్కుల్లో. ఆ మిషన్‌కున్న చిన్న వ్యాక్యూమ్ బ్రష్ లేపినంత దుమ్మును పట్టలేకపోయింది. పైగా ఫ్లెక్సిబుల్‌లోకి తోయగానే లోపలి పల్చటి పొర చిరిగి తీగ బయటపడింది. ఇదే ఎవరి ఇంట్లోనో జరిగితే చల్లగాలి సీలింగ్ పైనే పోతుంది, ఇంటివాళ్లకు నెలల తరబడి తెలీదు. మిషన్ మీద హెపా అని స్టిక్కర్ ఉంది. హెపా అంటే 0.3 మైక్రాన్ల కణాల్ని 99.97 శాతం ఆపాలి. మూత తీస్తే ఫిల్టర్ చుట్టూ రబ్బరు లేదు, అంచుల్లోంచి వెలుతురు కనపడుతోంది. వెలుతురు పోయే చోట దుమ్ము ఆగుతుందా?

చివరికి కంప్రెసర్. పైపు చివర రబ్బరు తోకలు, గాలి పెడితే అవి పాముల్లా కొట్టుకుంటూ లోపలికి పోతాయి. ముందు ఒట్టి కంప్రెసర్‌తో చేశాం. ఇద్దరం పిండి గిర్నీలోంచి బయటికొచ్చినట్టు అయ్యాం. అప్పుడు కార్ఖానా అతను మూలన పడున్న పెద్ద బ్లోయర్ తెచ్చి డక్ట్ ఒక కొసకు బిగించాడు, బ్లోయర్ అవతలి మూతికి గుడ్డ సంచి. మిగతా కంతలన్నీ టేపుతో మూశాం. ఇప్పుడు డక్ట్ అంతా ఒకే దిక్కుకు లాగుతోంది. రబ్బరు తోకలు కొట్టిన దుమ్మంతా సంచిలోకి పోయింది, ఫ్లెక్సిబుల్ గొట్టం చిరగలేదు. ఇదే బ్లోయర్ పెట్టి రేకు భాగంలో బ్రష్ తిప్పితే ఇంకా మేలైంది, నాలుగు వందల యాభై దాకా తూగింది. ఇది లాబొరేటరీ తనిఖీ కాదు, రెండు పొద్దుల తమాషా. అయినా అసలు కీలకం బ్రష్‌లో లేదని మాత్రం అర్థమైంది.

నాకు చిన్నప్పుడు మా గలీకి వచ్చే పింజారీ తాత గుర్తొచ్చాడు. విల్లు మోగిస్తూ వచ్చేవాడు. పరుపు విప్పమని అమ్మీ అడిగితే ఎప్పుడూ ఇంట్లోకి రాడు, గాలి ఏ దిక్కు వీస్తోందో చూసుకుని ఆంగన్‌లో గాలికి వీపు పెట్టి కూర్చునేవాడు. మూతికి రుమాల్. దుమ్ము లేపడం అతని చేతి పని, తీసుకుపోవడం గాలి పని. అయినా పాపం చివరి రోజుల్లో దగ్గుతూనే పోయాడు.

రెండు లక్షలు ఇవ్వనని ఆ సాయంత్రమే చెప్పాను. వాడు గట్టిగా ఏమీ అనలేదు గానీ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేనే అడిగాను, ఆరేళ్లలో నిజంగా గలీజ్‌గా ఉన్నదేది అని. ఆలోచించకుండా చెప్పాడు, కాయిల్, నీళ్ల ట్రే. తడిగా ఉంటాయి కాబట్టి దుమ్ము అక్కడే అంటుకుని పేరుకుంటుంది. డ్రెయిన్ మూసుకుపోయి సీలింగ్ కారుతుంది, వాసన వస్తుంది. అవి కడిగి, ఫిల్టర్ మార్చి, కారే జాయింట్లు మూస్తే గాలి జోరు పెరిగి గది తొందరగా చల్లబడుతుంది. డక్ట్ అసలు కడగాల్సి వచ్చింది ఎక్కువగా కొత్త ఇళ్లలోనేనట. సీలింగ్ పని చేసినవాళ్లు డక్ట్ మూతులు మూయకుండా వదిలేస్తే జిప్సమ్ పొడి దోసిళ్లతో ఎత్తేంత.

మరి ఆ పనే ఎందుకు చేయకూడదు? కాయిల్ కడిగే జెట్ పంప్, నీళ్లు గోడ మీద పడకుండా ఏసీకి తొడిగే సంచి, కాయిల్ పళ్లు సరిచేసే దువ్వెన, మంచి మాస్కులు, అన్నీ కలిపి పదిహేను వేల లోపే అయ్యాయి. అవి ఇచ్చాను. స్ప్లిట్ ఏసీలు మన గలీల్లో ఇంటింటికీ ఉన్నాయి. విల్లాల పని తగిలితే బ్లోయర్ పద్ధతిలో చేస్తానన్నాడు, మందు పొగ మాత్రం కొట్టనన్నాడు.

అమ్మీ దమా సంగతి వేరే. డాక్టర్ ఇన్‌హేలర్ రోజూ వాడమంటే ఆమె ఆయాసం వచ్చినప్పుడే తీసేది, ఇప్పుడు దాని లెక్క నా బేటీ చూస్తోంది. చాదర్లు, గిలాఫ్‌లు వారానికోసారి వేడినీళ్లలో పడుతున్నాయి. దోమల అగర్‌బత్తీ బంద్. పొడి చీపురు బదులు తడిగుడ్డ. పాత దూది పరుపు ఎలాగూ కాటేదాన్‌లో ఖతమైంది. "నా పరుపు మీద తజ్రుబా చేసిన్రు" అని వచ్చినవాళ్లకల్లా చెప్పుకుంటోంది.

తోలిచౌకిలో వాడికి తగిలిన రెండో గిరాకీ ఇంట్లో ఒక తల్లి అదే సవాల్ వేసిందట. ఏసీ కడిగితే పాపకు ఆస్తమా తగ్గుతుందా అని. "గాలి బాగా వస్తది బాజీ, కరెంటు కొంచెం తక్కువ కాలొచ్చు. ఆస్తమాకు డాక్టర్‌నే అడగండి" అన్నాడట. ఆమె ఆలోచించి చెప్తానంది, మళ్లీ ఫోన్ చేయలేదు. వేరే ఎవరికో ఇచ్చి ఉంటుంది. ఆ పూట వాడు ఉత్త చేతులతో వచ్చి ఖిచిడీ ఖట్టా రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

బ్లోయర్ ఇంకా కాటేదాన్‌లో తయారవుతోంది. దానికి సంచులు కుట్టేది అమ్మీ. మందపు కాటన్ తెచ్చి ఇస్తే, దారాల సందుల్లోంచి దీపం వెలుగు పట్టి చూసి, "యే నహీ చల్తా, దూస్రా లావ్" అని వాపస్ పంపింది.