అమరావతి బొమ్మలు, ఏలూరు అన్నదమ్ములు

మన పాలకొల్లు క్షీరారామానికి వచ్చిన యాత్రికులు పంచారామాల వరసలో అమరావతికీ వెళ్తారు. అమరలింగేశ్వరుడి దర్శనమయ్యాక అక్కడి బౌద్ధ స్తూపం దాకా నడిచేవాళ్లు మాత్రం తక్కువే. నడిచినా అక్కడ మిగిలింది కొంతే. చెక్కిన రాళ్లు కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్‌లో ఉన్నాయి. ఎన్నో కట్టడాల్లోకీ, సున్నం బట్టీల్లోకీ పోయాయి.

అలా పోయినవాటిలో కొన్నింటి రూపం కాగితం మీదే దక్కింది. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ 1816 నుంచి తన సర్వే చిత్రకారుల చేత ఆ శిల్పాలను ఒక్కొక్కటిగా గీయించాడు. హ్యామిల్టన్, న్యూమన్‌లతో పాటు మురుగేశ మొదలియార్ కూడా గీశాడు. ఆ బొమ్మల ఆల్బమ్ ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

బొమ్మలే కాదు, ఊళ్ల చరిత్రలూ కూడబెట్టిన మెకంజీకి మన భాషలు రావు. ఆయన కోసం ఊరూరా తిరిగి చరిత్ర సేకరించిపెట్టింది ఏలూరు కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లోనే చిన్న వయసులో పోయాడు. 1821లో మెకంజీ కూడా పోయాక, ఆ సేకరణను కంపెనీ ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొంది. మిగిలిన పని నేను పూర్తిచేస్తానని లక్ష్మయ్య అడిగాడు. నీకంత అర్హత లేదని కలకత్తా పండితులు తోసిపుచ్చారు. ఏళ్ల తరబడి ఆ పని నడిపినవాడికి!

ఇంతకీ ఏలూరులో ఈ ముగ్గురి పేరు మీద ఓ వీధైనా ఉందా? తెలిసిన మిత్రులు చెప్పండి.