లాజరస్, క్యూటీ, మా బాబాయి అరువు ఖాతాలు

మా బాబాయికి గుడివాడ దగ్గర ఎరువుల కొట్టు. రైతుల అరువు ఖాతాలకని అప్పుడెప్పుడో డెల్ఫీలో నేను రాసిచ్చిన ప్రోగ్రాము పాత విండోసుతో పాటే మూలపడింది. మొన్న సంక్రాంతికి బెజవాడ వెళ్ళినపుడు దాన్ని ఉబుంటులో లాజరస్‌కి మార్చా. జీటీకే2 పని 2020తోనే ఆగిపోయింది కదా, అందుకని క్యూటీ5 ఎంచుకున్నా. లింకరు మొరాయించింది! క్యూటీ ఏమో సీ ప్లస్ ప్లస్ సరుకు. పాస్కల్ దాంతో నేరుగా మాట్లాడలేదు, మధ్యన లిబ్‌క్యూటీ5పాస్ అనే దుబాసీ ఉండాలి. అది ఎక్కించాక నా లాప్‌టాపులో బానే నడిచింది. కొట్లో మాత్రం తెరుచుకోలేదు. అక్కడా ఆ లైబ్రరీ కావాలని మర్చిపోయా (ఇన్నేళ్ళ అనుభవం, ఏం లాభం లెండి).

చివరికి పిన్ని తెలుగులో మళ్ళీ కొట్టిన పేర్లన్నీ తెరమీదకొచ్చాయి. బాబాయి కళ్ళజోడు సర్దుకుని ఒక పేరు దగ్గర ఆగాడు.

"ఒరే, ఈయన పోయి రెండేళ్ళయింది. బాకీ కొట్టెయ్."

అసలు ఆ బటనే నేను పెట్టలేదు.