ఒక్కొక్కరికి ఒక్కో గిన్నె

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి.

హాట్‌పాట్ అని చైనా తిండి ఒకటి ఉంటది. మరిగే పులుసు గిన్నెను టేబుల్ నడుమ పొయ్యి మీద పెడ్తరు. చుట్టూ కూర్చున్నోళ్లు పచ్చి కూరగాయలు, పల్చగా కోసిన మాంసం అందులో వేసి, ఉడికింది ఉడికినట్టు తీసుకుని తింటరు. దాంట్లోనే ఇంకో పద్ధతి ఉంది. నడుమ పెద్ద గిన్నె ఉండదు. ఎవరి కుర్చీ ముందు వాళ్లకే చిన్న పొయ్యి, చిన్న గిన్నె. పోయిన నెల మేము ఆరుగురం హైదరాబాద్‌లో అట్లాంటి చోట తిని వచ్చినం. రుచి సంగతి ఒకటైతే, ఆ వేరే వేరే గిన్నెల ముందు కూర్చున్నప్పుడు మాకు తట్టిన సంగతులు ఇంకొకటి. రెండూ చెప్తం.

మేమెవరమంటే, నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమల పెంటల నుంచి ఇద్దరం, వనపర్తి తండాల నుంచి ముగ్గురం, గద్వాల వైపు తండా నుంచి ఒకరం. మాలో ఇద్దరు ఆడపిల్లలు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు అయ్యేదాకా అందరం మహబూబ్‌నగర్ జిల్లా వాళ్లమే. ఇప్పుడు పట్నంలో హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నం. మన మూడు ఊర్లల్ల చైనీస్ అంటే సాయంత్రం బండి మీద దొరికే నూడుల్స్, మంచూరియా. అసలు చైనా వాళ్లు ఎట్ల తింటరో ఒకసారి చూద్దామని పరీక్షలు అయిపోయినంక పోయినం.

పోయే ముందు ఈ తిండి గురించి కొంచెం చదివినం. చోంగ్‌చింగ్ అని యాంగ్జీ నది ఒడ్డున పెద్ద పట్నం ఉంది. కారం హాట్‌పాట్‌కు అది పేరుపడ్డ ఊరు. అక్కడ రేవు కూలీలు, పడవలు లాగేటోళ్లు చవకగా దొరికే పేగులు, పొట్ట ముక్కలు తెచ్చుకుని మిరపకాయల పులుసులో ఉడికించుకునేవాళ్లని చెప్తరు. మన బోటి కూర, తండాల్లో మేకరక్తంతో వండే సళోయి గుర్తుకొచ్చినయి. ఉన్నోడు పారేసేది లేనోడి చేతిలో రుచి అయితది. ఆ ఊర్లనే తొమ్మిది గళ్ల గిన్నె ఉంటది. ఒకే గిన్నెలో చట్రం పెట్టి తొమ్మిది గళ్లు చేస్తరు. ఒకరికొకరు తెలియని కూలీలు ఒకే పొయ్యి చుట్టూ కూర్చుని, ఎవరి గడిలో వాళ్లు ఉడికించుకునేవాళ్లంట. పొయ్యి ఒకటే, పులుసు ఒకటే, ముక్కలు మాత్రం ఎవరివి వాళ్లవే.

తర్వాత పూర్తిగా వేరే గిన్నెలు వచ్చినయి. బీజింగ్‌లో 1998లో తైవాన్ నుంచి వచ్చిన ఒకాయన షియాబు షియాబు అని హోటల్ పెట్టిండు. పొడుగు బల్ల చుట్టూ కుర్చీలు, ఒక్కొక్కరికి ఒక్కో చిన్న గిన్నె. 2003లో సార్స్ జబ్బు వచ్చినప్పుడు ఒకే గిన్నెలో అందరి పుల్లలు ముంచుడంటే జనానికి భయం పట్టుకుంది. ఈ పద్ధతి అప్పటి నుంచి బాగా నడిచింది. ఒంటరిగా పోయినా తినొచ్చు, తొందరగా అయిపోతది.

ఇగ మా సంగతి. లోపల కూర్చున్నంక కాసేపు ఎవ్వరం మాట్లాడలే. కార్డులో పేర్లు అర్థం కాలే, పుల్లలతో తినుడు అసలే రాదు. మాలో గద్వాలాయన గట్టిగనే అడిగిండు, "భయ్యా, మాకు ఇదే మొదటిసారి, ఎట్ల తినాలో చెప్పు" అని. వడ్డించే అబ్బాయి నవ్వలేదు. పొయ్యి ఎట్ల వెలిగించాలో, ఏది ముందు వేయాలో హిందీలో ఓపిగ్గా చెప్పిండు. మాటల్లో మాట, మణిపూర్ కొండల నుంచి వచ్చిండంట. "మేము కూడా ఎస్టీనే" అని అన్నడు. ఆ మాటతోని మా భుజాలు కొంచెం కిందికి దిగినయి.

ఆయన చెప్పింది మీకూ పనికొస్తది. ముందు పులుసు ఎంచుకోవాలె. పుట్టగొడుగులది, టమాటది, కారందీ ఉంటయి. 'మాలా' అని ఉంటే అది నాలుక తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియాల కారం. మన గొడ్డుకారం తిన్నోళ్లకు కూడా కొత్తగా ఉంటది. పులుసు బాగా మరిగినంక గట్టివి ముందు వేయాలె, అంటే మక్కకంకి ముక్కలు, ఆలుగడ్డ, క్యారెట్. కాగితం లెక్క కోసిన మటన్ అర నిమిషంలో ఉడుకుతది. చికెన్‌కు తొందరపడొద్దు, లోపల దాకా తెల్లగా అయ్యేదాకా ఆగాలె. ఆకుకూర చివర్లో. పచ్చి మాంసం తీసిన పుల్లలు నోట్లో పెట్టుకోవద్దు, దానికి వేరే పట్టుకారు ఇస్తరు. అన్ని రుచులు దిగిన పులుసులో ఆఖరికి నూడుల్స్ వేసుకోవాలె. పుల్లలు రాకపోతే చెంచా అడగండి, ఇస్తరు. మేము అడిగినం.

వేరే గిన్నె ముందర పెట్టంగనే మాలో ఒకరు, "మనకు వేరే పెట్టిండ్రేంది?" అని మెల్లగ అన్నరు. నవ్వులాటకే అన్న మాట, కానీ నవ్వు రాలే. పల్లెల్లో 'వేరే' అనే మాటకు చరిత్ర ఉంది కదా. టీ హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టి, వాళ్లతోనే కడిగించిన సంగతి మన పెద్దలు చూసిందే. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని 1950లోనే రద్దు చేసినా, గ్లాసులు మాత్రం అంత తొందరగా కలవలే. అదే వేరే పాత్రకు ఇక్కడ ఏసీ హాల్లో పైసలు కట్టి కూర్చుంటున్నరు. తేడా ఎక్కడుంది? పాత్రలో లేదు. ఎవరు వేరు చేసిండ్రు, ఎవరు కోరుకున్నరు అనే దాంట్లో ఉంది.

ఈ వేరే గిన్నెల్లో మంచి కూడా చూసినం. ఆ రోజు శనివారం. మాలో ఒకాయన శనివారం ముక్క ముట్టడు. నడుమ ఒక్కటే గిన్నె ఉంటే ఆయన పక్కకు జరిగి సోడా తాగుకుంట కూర్చునేటోడు. ఇక్కడ పుట్టగొడుగుల పులుసు పెట్టుకుని మా నడుమనే కూర్చున్నడు.

ఇంకోటి వనపర్తి చెల్లె చెప్పింది. "మా యాడి వేడిగా తినుడు నేను ఎన్నడూ చూడలే. అందరికీ పెట్టినంక, అడుగున మిగిలింది తింటది. ఇక్కడ ఆరు పొయ్యిలు ఒకేసారి వెలిగినయి. నా ముక్కలు నేను లెక్కపెట్టుకున్న" అన్నది. అందరం కలిసి తింటమని మనం గొప్పగా చెప్పుకుంటం. ఆ ఒక్క గిన్నె అడుగున ఎవరి వంతు మిగులుతుందో ఎక్కువగా అడగం. చెల్లె మాట విన్నంక మగపిల్లలం కాసేపు తలలు గిన్నెల్లోకే వంచినం.

నల్లమల తమ్ముడు వాళ్ల అవ్వ చెప్పిన మాట చెప్పిండు. ఎనుకట అడవిలో గడ్డలు ఎవరు తవ్వుకుంటే వాళ్ల ఇంటికే. వేటలో పెద్ద జంతువు పడితే మాత్రం పెంటలో అన్ని ఇండ్లకు వాటా పోయేది. 1940లో హైమండార్ఫ్ అనే ఆయన అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి చెంచుల మధ్య తిరిగి, 1943లో పుస్తకం అచ్చు వేసిండు. ఇప్పుడు వేట లేదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అడవి టైగర్ రిజర్వ్ అయింది. అయినా లెక్క అర్థమైతది. రోజూ దొరికేది ఎవరిది వాళ్లది. ఎప్పుడో దొరికే పెద్దది మాత్రం అందరిది.

ఆ లెక్క మాకు ఆ రోజే అక్కరకొచ్చింది. మనిషికి ఒక గిన్నె తీసుకోవాల్సిందేనంట, పన్నుతో కలిపి 840 రూపాయలు. కార్డు చూసినంక తమ్ముడు, "నాకు ఆకలి లేదన్నా, మీరు తినండి, నేను బయట ఉంట" అన్నడు. ఆకలి సంగతి అందరికీ తెలుసు. హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా మెస్ చార్జీ 2024లో పెంచినంక నెలకు 2,100. అంటే రోజుకు 70. ఆ ఒక్క గిన్నె మా 12 రోజుల తిండి. అందరి నడుమ ఒకటే గిన్నె ఉంటే ఎవరు ఎంత ఇచ్చిండ్రో పులుసులో కనపడదు. వేరే గిన్నెల దగ్గర లేనోడి లేమి కుర్చీ ముందరనే కనపడ్తది. ఈ పద్ధతిలో ఉన్న కష్టం అదే.

మేము చేసింది చిన్న పనే. ఆరు గిన్నెలకు 5,040. ఒకరు 1,500, ఇద్దరు వెయ్యి చొప్పున, ఒకరు 800, ఒకరు 540, తమ్ముడు 200 ఒకే ఫోన్‌లోకి పంపినం. బిల్లు ఒకటే వేయమన్నం, వేసిండ్రు. "తర్వాత ఇస్త అన్నా" అంటే, "నీ వంతు 200, అది ఇచ్చినవ్" అన్నం. తమ్ముడు కారం పులుసే తీసుకున్నడు. చెమటలు కారుకుంట, ముక్కు తుడుచుకుంట అందరికన్నా ఆలస్యంగా లేచిండు.

అందుకే మీకు చెప్పేది ఇది. కొత్త చోటికి పోవాలంటే వెనుకాడకండి. తెలియనిది అడిగితే చిన్నతనం లేదు. అయితే గుంపుగా పోయేటప్పుడు ధర ముందే కనుక్కోండి. ఎవరి దగ్గర ఎంత ఉందో అంత, లోపలికి పోకముందే ఒకరి ఫోన్‌లో కలపండి. ఎవరు ఎంత వేసిండ్రో ఆ ఒక్కరికి తప్ప ఇంకెవరికీ తెలియొద్దు. సరిపోకపోతే బండి మీది నూడుల్స్ ఉండనే ఉన్నయి, అదీ చైనా పేరు తిండే. ఇంటికి పోయినప్పుడు మాత్రం యాడికి, అమ్మకు, అవ్వకు ముందు పళ్లెం పెట్టి, వేడిగా తినమనండి.

గిన్నెలు వేరే ఉండొచ్చు. బిల్లు ఒకటే ఉండాలె.