గొరిల్లాల పేరున అడిగిన డబ్బు

కంపాలాలో నాది మందుల టోకు వ్యాపారం. మా తెలుగువాళ్ల పండగ సభల్లో గొరిల్లాల కోసం చందాలు అడిగే పని కొన్నేళ్లపాటు నేనే ఇష్టంగా చూసుకున్నాను. అడిగిన ప్రతిసారీ ఒకే సంగతి చెప్పేవాణ్ణి. 1996లో ఉగాండా నైరుతి కొసన ఉన్న బ్విండి అడవిలో కొండ గొరిల్లాల గుంపు ఒకదానికి ఒంటి మీద వెంట్రుకలు రాలిపోసాగాయి. గజ్జి అని తేలింది. ఒక పిల్ల చనిపోయింది. ఉగాండా నియమించుకున్న తొలి వన్యప్రాణి వైద్యురాలు గ్లాడిస్ కలేమా-జికుసోకా మిగతావాటికి ఐవర్‌మెక్టిన్ ఇచ్చి కాపాడారు. ఇదంతా చెప్పి, "ఊరివాళ్ల మురికి బట్టల వల్లే ఆ పిల్ల పోయింది" అని ముగించేవాణ్ణి. చందాలు బాగా వచ్చేవి.

అందులో అబద్ధం లేదు. కానీ ఆ ఊరివాళ్లకు గజ్జి ఎందుకు నయం కాలేదన్నది మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు. బ్విండిలో చాలాచోట్ల అడవి అయిపోగానే చేను మొదలవుతుంది, మధ్యలో ఖాళీ జాగా ఉండదు. అరటి దవ్వ కోసం గొరిల్లాలు తోటల్లోకి దిగుతాయి. బబూన్లనూ అడవి పందులనూ బెదరగొట్టడానికి రైతు పాత చొక్కా తొడిగి దిష్టిబొమ్మ నిలబెడతాడు. గొరిల్లా వచ్చి ఆ చొక్కాను తడిమి చూస్తుంది. గొరిల్లాల జన్యువులకూ మన జన్యువులకూ 98 శాతం దాకా పోలిక ఉంది కాబట్టి మనకొచ్చే గజ్జి, దగ్గు వాటికీ అంటుకుంటాయి. 2009లో రువాండాలో మనుషులకు జలుబు తెప్పించే మెటాన్యూమో వైరస్ సోకి ఒక ఆడ గొరిల్లా, ఒక పసికూన చనిపోయాయి.

ఒకసారి బ్విండి పక్క ఊళ్లలో పనిచేసే ఆరోగ్య కార్యకర్త ఒకామె మా సంఘానికి ఉత్తరం రాసింది. మేం పోగుచేసిన సొమ్ములోంచి గజ్జి మందు, సబ్బులు, విడవకుండా దగ్గేవాళ్లను కఫం పరీక్షకు తీసుకెళ్లడానికి దారి ఖర్చులు ఇప్పించమని అడిగింది. నేను కుదరదన్నాను. సంఘంలో పెద్దాయన ఒకరు, "మందు నీ గోడౌన్‌లోనే ఉంది కదా బాబూ, కొన్న ధరకు ఇచ్చినా సరిపోతుందిగా" అన్నారు. "గొరిల్లాల కోసమని అడిగి తెచ్చాం బాబాయి గారూ. మనుషులకు పంచేస్తే రేపు మనకెవరిస్తారు?" అని ఆయన్ని మాట్లాడనివ్వలేదు. ఆ డబ్బుతో అడవి కాపలావాళ్లకు రెయిన్‌కోట్లు, బూట్లు కొన్నాం. అవి వాళ్లకు అక్కరకొచ్చే వస్తువులే. అయితే నేను వాటిని ఎంచుకున్నది వాళ్ల అవసరం చూసి కాదు, దాతలకు చూపించడానికి ఫొటో బాగా వస్తుందని.

తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. గజ్జి ఎలా పోతుందో నాకు నా వ్యాపారమే నేర్పింది. ఇంట్లో ఒక్కరికి మందు రాస్తే పోదు. ఇంటిల్లిపాదీ ఒకేసారి మెడ నుంచి అరికాలి దాకా పట్టించాలి. పక్కబట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉన్నది ఒకే దుప్పటి అయి, నీళ్లు కొండ కింది నుంచి మోసుకురావలసి వస్తే ఆ పని ఎలా అవుతుంది? అడవిలో గొరిల్లాలను బతికించిన ఐవర్‌మెక్టిన్ మనుషుల గజ్జికీ వాడే మందే. దాన్ని పెట్టెల కొద్దీ అమ్ముతూ, మనిషికి ఇస్తే గొరిల్లాకు అన్యాయం జరుగుతుందని వాదించాను.

ఆ తర్వాత వ్యాపారం పని మీద కనుంగు జిల్లాకు వెళ్లాను. అక్కడ ఊరి ఆరోగ్య కార్యకర్త వెంట ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి పిల్లకు వేళ్ల సందుల్లో పుళ్లు. రాత్రంతా గోక్కుంటూనే ఉంటుందని తల్లి చెప్పింది. ఆ పిల్లను చూశాక నా ఉపన్యాసం గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. గజ్జి గొరిల్లాను చేరకముందే ఇలాంటి ఇళ్లలో ఉంది. గొరిల్లా చనిపోయిందని మేం సభలు పెట్టుకున్నాం. ఈ పిల్ల బాధ మా లెక్కలోకే రాలేదు.

ఈ సంగతి గ్లాడిస్ గారు ఎప్పుడో గ్రహించారు. చుట్టూ ఉన్న ఊళ్లకు వైద్యం అందకపోతే గొరిల్లాకు ఎన్నిసార్లు మందు వేసినా జబ్బు తిరిగొస్తుందని 1996లోనే ఆమెకు అర్థమైంది. 2003లో భర్త లారెన్స్ జికుసోకా, స్టీఫెన్ రుబంగాలతో కలిసి 'కన్జర్వేషన్ త్రూ పబ్లిక్ హెల్త్' సంస్థను స్థాపించారు. అందులో ఆ ఊళ్లవాళ్లే స్వచ్ఛందంగా ఇంటింటికీ తిరుగుతారు. చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్డి వాడడం గురించి చెబుతారు. టీబీ అనుమానం ఉన్నవాళ్లను ఆస్పత్రికి పంపుతారు. కుటుంబ నియంత్రణ గురించి భార్యాభర్తలతో మాట్లాడతారు. గొరిల్లా చేలోకి వస్తే ఏం చేయాలో చెప్పేదీ వాళ్లే. ఆమె మొదలుపెట్టిన గొరిల్లా కన్జర్వేషన్ కాఫీ అక్కడి రైతుల పంటకు మార్కెట్ కన్నా మంచి ధర ఇస్తోంది.

ఆకలిని కూడా గొరిల్లాల రక్షణ నుంచి విడదీయలేం. 2020లో కరోనాతో పర్యాటకులు రావడం ఆగిపోయి, ఊళ్లకు ఆదాయం పడిపోయింది. ఆ జూన్‌లో ఎన్‌కురింగో గుంపును నడిపించే రఫీకి అనే మగ గొరిల్లా, అడవిలో చిన్న జంతువుల వేటకొచ్చిన మనిషి బల్లెం పోటుకు చచ్చిపోయింది. ఆ మనిషికి 11 ఏళ్ల జైలు పడింది. శిక్ష పడవలసిందే. కానీ జైళ్లు కట్టి గొరిల్లాలను కాపాడగలమని నేను అనుకోను. అడవిని కాపాడే పేరుతోనే నష్టపోయినవాళ్లూ ఉన్నారు. 1991లో బ్విండిని జాతీయ పార్కు చేసినప్పుడు బట్వా ప్రజలను అడవిలోంచి వెళ్లగొట్టారు. తరతరాలుగా అడవే ఇల్లుగా బతికినవాళ్లు సెంటు భూమి లేకుండా మిగిలారు. అది నా దృష్టిలో ఘోరమైన అన్యాయం. గొరిల్లాల గురించి మాట్లాడే ఏ సభలోనైనా వాళ్ల ప్రస్తావన రావాలి.

2018 నాటి లెక్కల్లో బ్విండి వైపు 459, మొత్తం మీద 1,063 కొండ గొరిల్లాలు తేలాయి. అదే ఏడాది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వాటిని 'అత్యంత ప్రమాదంలో ఉన్నవి' అనే వరస నుంచి ఒక మెట్టు తప్పించింది. ఈ మేలులో కాపలావాళ్లకు ఎంత వాటా ఉందో, ఇంటింటికీ తిరిగిన ఆ స్వచ్ఛంద కార్యకర్తలకూ అంత వాటా ఉందని నా నమ్మకం.

ఇప్పుడు మా సభల్లో ఆ గజ్జి సంగతి మొత్తం చెబుతున్నాం. వచ్చిన చందాలో సగం మందులకూ సబ్బులకూ దారి ఖర్చులకూ పోతుందని ముందే చెప్పి అడుగుతున్నాం. ఉగాండా వచ్చే తెలుగువాళ్లకు నా మనవి ఒకటే. పర్మిట్‌కు వందల డాలర్లు కట్టాం కదా అని జలుబునూ దగ్గునూ దాచిపెట్టి కొండెక్కకండి. గైడుకు చెప్పి ఆగిపోండి. మాస్కు పెట్టుకోండి, పది మీటర్ల దూరం పాటించండి. గొరిల్లాల కోసం ఏమైనా ఇవ్వాలనిపిస్తే, అక్కడి ఊళ్లకు వైద్యం అందించేవాళ్లకు ఇవ్వండి.