కూజా మొక్క కోసం కడియం వెళ్ళి

సంక్రాంతి వెళ్ళిన వారానికి కడియం బయల్దేరాను. గౌతమి రైలు ఎక్కేటప్పుడు నా దగ్గర బట్టల సంచీ ఒకటి, మడతపెట్టిన ఖాళీ సంచులు నాలుగు. "ఈసారి వేటిని చంపడానికి?" అన్నారు మావారు, సామాను అందిస్తూ.

ఆయన మాటలో తప్పేమీ లేదు. హైదరాబాదులో మా మేడ మీద నాకొక డాబా తోట ఉంది. గులాబీ, మల్లె, వంగ, బెండ ఎవరైనా పెంచుతారు. మెట్లెక్కి వచ్చినవాళ్ళు "ఇదేం మొక్కండీ?" అని ఆగిపోతేగానీ నాకు తృప్తి ఉండదు. ఆ పిచ్చితో ఒక్క ఏడాదిలో మూడు కాలాలకీ మూడు ఓటములు మూటగట్టుకున్నాను.

చలికాలంలో కూజా మొక్క తెచ్చాను. ఆకు కొసన మూత ఉన్న చిన్న కూజా వేలాడుతుంది. అంచు మీద వాలిన పురుగు జారి లోపల పడితే, అందులోని ద్రవంలో అరిగిపోతుంది. మనదేశపు అడవుల్లో దొరికే జాతి ఒక్కటే, అదీ మేఘాలయ కొండల్లో. అక్కడి గారోలు దాన్ని దయ్యం బుట్ట అంటారు. నేను కొన్నది నర్సరీల వాళ్ళు పెంచే సంకర రకం. సారంలేని నేలల్లో పుట్టిన జాతి కనుకే పురుగుల మీద బతకడం నేర్చిందని అప్పటికి నాకు తెలియదు. ప్రేమకొద్దీ వారం వారం జీవామృతం పోశాను, పైన మా బోరు నీళ్ళు. మార్చికి కూజాలు మాడాయి. ఏప్రిల్‌కి మొక్కే లేదు.

ఎండాకాలంలో ఊటీ నుంచి తెచ్చిన పూల బెగోనియా, రోహిణి కార్తె రాకుండానే తోటకూర ఉడికినట్టు వాలిపోయింది. వానాకాలంలో రాయి మొక్కలు. అచ్చం గులకరాళ్ళలా ఉండే ఈ లిథోప్స్ దక్షిణాఫ్రికా, నమీబియా ఎడారి నేలలవి. శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టేసరికి మెత్తబడ్డాయి. వేలితో నొక్కితే గుజ్జు.

అయినా బుద్ధి రాలేదు. మళ్ళీ కూజా మొక్కే కావాలి, ఈసారి ఇంకా పెద్దది.

తెల్లవారుతుండగా కొవ్వూరు దాటి రైలు ఆర్చి వంతెన ఎక్కింది. రెండుముప్పావు కిలోమీటర్ల పొడుగునా కింద గోదారి, నీళ్ళ మీద పలచగా మంచు. పక్క బెర్తు మామ్మగారు కొంగుముడి విప్పి రూపాయి బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకున్నారు. రాజమండ్రిలో దిగి, కోటిపల్లి బస్టాండు దగ్గర ఇడ్లీ తిని ఆటో ఎక్కాను. ధవళేశ్వరం మీదుగా వేమగిరి, అక్కణ్ణుంచి కడియం నర్సరీలుండే కడియపులంక. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలవల నీళ్ళు పారిన సీమ ఇది. ఒండ్రు నేల, ఏడాదిలో ఎక్కువ రోజులు కాలవలో నీరు, పక్కనే జాతీయ రహదారి. మొక్కల వ్యాపారానికి ఇంకేం కావాలి?

కడియపులంకలో దిగితే రోడ్డుకి రెండువైపులా మొక్కలే. జనవరి కదా, చామంతి, బంతి, డాలియా చాపలు పరిచినట్టున్నాయి. ఏనుగులా, నెమలిలా కత్తిరించిన ఫైకస్‌లు ఒకవైపు, వేళ్ళు కట్టిన గోనె ముద్దలతో సహా లారీ ఎక్కుతున్న ఖర్జూరం చెట్లు ఒకవైపు. పచ్చ నెట్ల కింద ఆగ్లోనిమాలు ఎరుపు, గులాబి రంగుల్లో వరసలు. మొదటి రెండు గంటలూ నేను ఏమీ కొనలేదు, నోరు తెరుచుకుని తిరిగానంతే.

ఓ నర్సరీలో చెట్టు నీడన నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఎడారి గులాబీలకి అంట్లు కడుతున్నారు. గింజ నుంచి మొలిచిన అడీనియం తల కోసి, మంచి రంగు పూల మొక్క కొమ్మని దాని మీద అతికి, ప్లాస్టిక్ రిబ్బను చుట్టడం. బ్లేడు గీత, మెలిక, ముడి. నేను ఒకటి చూసి అర్థం చేసుకునేలోపు వాళ్ళలో ఒకావిడ మూడు కట్టేసింది. యాభై దాటిన మనిషి, వేళ్ళకి పాల జిగురు.

"కూజా మొక్కలు ఎక్కడ దొరుకుతాయక్కా?" అన్నాను.

"ఏ ఊరండి తవరిది?"

"హైదరాబాదు."

"నీళ్ళు బోరువా అండి, కుళాయివా?"

"బోరువే."

"ఎండ పొద్దుటా, సాయంత్రమా?"

"డాబా కదా, రోజంతా."

ఆవిడ బ్లేడు కింద పెట్టింది. "మరెందుకండి దాన్ని తీసుకెళ్ళడం? ఉప్పునీళ్ళు పోత్తే చచ్చిపోద్ది. మొక్క బాగుందని కాదండి, దానూరేదో అడిగి కొనాలి."

ఏడాదిగా ఎన్నో పుస్తకాలు తిరగేశాను. కొన్న ప్రతి మొక్కకీ ధర అడిగాను, పూసే నెల అడిగాను. దాని ఊరేదని ఒక్కసారీ అడగలేదు. నేలా నీరూ గాలీ కలిస్తేనే కదా ఊరు. సిగ్గేసింది.

"వింత మొక్కే కావాలంటే మా దొడ్లో ఉందండి," అంది నవ్వుతూ. మధ్యాహ్నం అన్నానికి లేచినప్పుడు వెంట వెళ్ళాను. నర్సరీ వెనక రెండు గదుల ఇల్లు. వసారాలో అప్పుడే తవ్విన కంద దుంపలు, మట్టి కూడా రాలలేదు. "ఇదేనా?" అన్నాను. ఇదేనంది.

నాకు నవ్వాగలేదు. గోదావరి జిల్లాల పెళ్ళిళ్ళలో కంద బచ్చలి లేని విస్తరి చూశామా? గోదారికి అవతల, కొవ్వూరు పరిశోధనా స్థానం దురద పెట్టని 'గజేంద్ర' రకాన్ని ఇచ్చింది కూడా. ఇంటి కూరని వింత మొక్కంటే ఎలా?

ఆవిడ నవ్వలేదు. "రైతులు ముక్కలు కోసి పాతుతారండి. ముక్కకి ఆకే వత్తది. పెద్ద దుంప కోయకుండా ఉంచండి. తొలకరికి ఆకుకంటే ముందు పువ్వు లేత్తే లేవచ్చు. లేత్తే మటుకు గుమ్మం దగ్గర పెట్టకండి." ఎందుకని అడిగితే చెప్పలేదు. డబ్బిస్తే తీసుకోలేదు, దుంపకి మట్టి దులిపి సంచీలో పెట్టింది. నాలుగైదు కిలోలుంటుంది. మిగతా మూడు సంచులూ ఖాళీగానే తిరుగు రైలెక్కాయి.

"కందా? దీనికోసం రాజమండ్రి దాకానా? రైతుబజార్లో దొరకదూ?" అన్నారు మావారు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాను. దుంపని పెద్ద కుండీలో పాతి, మూడో అంతస్తు మెట్ల మలుపులో పెట్టి మర్చిపోయాను. వేసవంతా చుక్క నీరు పోయలేదు.

మృగశిర కార్తెలో మొదటి వాన పడింది. వారం తిరక్కుండా మట్టి పగిలి, ఊదారంగు మొగ్గొకటి పిడికిలిలా లేచింది. ఇంకో పది రోజులకి విచ్చుకుంది. అడుగున కుచ్చిళ్ళ గిన్నె, నడుమ ముడతలు పడ్డ మెదడులాంటి ముదురు ఊదా గుబ్బ. ఆకు లేదు, ఆకుపచ్చ లేదు. ఆ సాయంత్రమే కంపు మొదలైంది. రెండో అంతస్తు వాళ్ళు ఎలక చచ్చిందని మంచాలు జరిపి వెతికారు. కింద వాళ్ళు మునిసిపాలిటీకి ఫోను చేయబోతుంటే పరుగున వెళ్ళి ఆపాను. టార్చిలైటు వేస్తే పువ్వు నిండా ఈగలూ, నల్లని చిన్న పెంకు పురుగులూ. గుబ్బ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. ఆ వేడితోనే కుళ్ళిన మాంసం వాసనని గాలిలోకి పంపి పురుగుల్ని పిలుస్తుందది. మొదటి రోజు ఆడపూలు సిద్ధమవుతాయి, పుప్పొడి రాలేది ఆ తరవాత. తన పుప్పొడి తనకే అంటకుండా ఆ ఏర్పాటు.

ఈ కందకి సుమత్రా అడవుల్లో ఓ అన్న ఉన్నాడు, టైటన్ ఆరమ్. 1878లో ఇటలీ వృక్షశాస్త్రవేత్త బెక్కారి చూశాడు. 1889లో లండన్ క్యూ తోటలో మొదటిసారి పూసింది. ఈనాటికీ అది ఎక్కడ పూసినా జనం వరసకట్టి చూస్తారు. దాని చెల్లెల్ని మనం బచ్చలితో కలిపి తినేస్తున్నాం.

ఆ రాత్రి మా మెట్ల మీదా వరసే. ముక్కులకి కొంగులూ రుమాళ్ళూ అడ్డుపెట్టుకుని నాలుగంతస్తుల వాళ్ళూ వచ్చారు. "ఇదేం మొక్కండీ?" అని అందరూ అడిగారు. కంద అంటే ఒక్కరూ నమ్మలేదు.

మూడో నాటికి వాసన పోయింది, వారానికి పువ్వు వాడింది. ఆషాఢంలో అదే చోట మచ్చల కాడ లేచి గొడుగులా ఒకే ఒక్క ఆకు విప్పింది. దాన్ని డాబా మీదికి మార్చాను. రోజూ బోరు నీళ్ళే పోస్తున్నాను.